ఒక బిడ్డకు విల్సన్ వ్యాధి తేలితే తోబుట్టువులకూ పరీక్ష



“వంశంలో వచ్చిన జబ్బుకు మందు లేదు” అన్న మాట తెలుగు ఇళ్లలో తరచుగా వినబడుతుంది. చేయి వణికినా, నడక తూలినా, మాట ముద్దగా మారినా దానిని తలరాతగా భావించి మిన్నకుండే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఈ నమ్మకం అన్నివేళలా నిజం కాదు. కొన్ని సందర్భాలలో అది ప్రాణం తీసే పొరపాటు. ఆ సంగతి వివరించడమే ఈ ప్రసంగ ఉద్దేశం.

మెదడులోని నాడీకణాలు క్రమంగా నశించడం వలన కలిగే వ్యాధులను క్షీణతా వ్యాధులు అంటారు. వీటన్నింటికీ కారణం ఒకటే కాదు. పార్కిన్సన్, ఆల్జీమర్స్ వ్యాధులు అధికశాతం మందిలో వయస్సు మళ్లిన తరువాత కనిపిస్తాయి. తల్లిదండ్రుల నుండి నేరుగా సంక్రమించేవి స్వల్పం. హంటింగ్టన్ వ్యాధి ఇందుకు భిన్నమైనది. తల్లిదండ్రులలో ఒక్కరికి ఆ జన్యుదోషం ఉన్నా, ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. ఈ మూడింటిలో దేనినీ పూర్తిగా నయం చేసే మందు లేదు. ఉన్న చికిత్సలు ప్రధానంగా బాధలను తగ్గిస్తాయి. విల్సన్ వ్యాధి కూడా జన్యువుల ద్వారా వచ్చేదే, మెదడును దెబ్బతీసేదే. కాని దీనికి చికిత్స ఉన్నది. సకాలంలో ఆరంభిస్తే రోగి చదువుకొని, ఉద్యోగం చేసి, సంసారం సాగించగలడు.

ఆహారంతో పాటు ప్రతిదినం కొద్దిపాటి రాగి శరీరంలో చేరుతుంది. ఇక్కడ రాగి అంటే లోహం. సంకటి వండుకునే రాగులతో దీనికి సంబంధం లేదు. శరీరానికి అవసరమైనంత పోగా మిగిలిన రాగిని కాలేయం పైత్యరసంలో కలిపి బయటకు పంపుతుంది. ఈ పనిని జరిపించే జన్యువు పేరు ఏటీపీ7బీ. అది 13వ క్రోమోజోముపై ఉంటుంది. ఆ జన్యువు దెబ్బతింటే రాగి బయటకు పోదు. తొలుత కాలేయంలోను, పిదప మెదడులోను, కంటి నల్లగుడ్డు అంచునా పేరుకొంటుంది.

వ్యాధి సాధారణంగా బాల్యంలోనో యౌవనంలోనో బయటపడుతుంది. కొందరికి మొదట కామెర్లు వస్తాయి, పొట్ట ఉబ్బుతుంది. మరికొందరిలో చేతిరాత చెడిపోతుంది, నోటి నుండి చొంగ కారుతుంది, చేతులు వణుకుతాయి, మెడ లేక కాళ్లు మెలితిరుగుతాయి. చక్కగా చదివే పిల్లవాడు వెనుకబడతాడు. అకారణంగా కోపగించుకొంటాడు, నవ్వుతాడు, ఏడుస్తాడు. బడిలో అది సోమరితనం అనిపించుకొంటుంది, ఇంట్లో గాలి సోకిందని అనిపించుకొంటుంది. తాయెత్తులతో గడిచిన ప్రతి నెలా మెదడుకు నష్టమే.

ఈ వ్యాధిని 1912లో లండన్‌లో కిన్నియర్ విల్సన్ సమగ్రంగా వర్ణించాడు. ఆనాడు దీని పర్యవసానం మరణమే. 1956లో జాన్ వాల్ష్ అనే ఆంగ్ల వైద్యుడు పెనిసిల్లమిన్ మందును ప్రవేశపెట్టడంతో ఆ స్థితి మారింది. లోపభూయిష్టమైన జన్యువును 1993లో గుర్తించారు. ఇది ఎక్కడో పరదేశాలలో వచ్చే వ్యాధి కాదు. బెంగళూరులోని నిమ్హాన్స్ వైద్యులు మూడు దశాబ్దాల కాలంలో తాము పరీక్షించిన 282 మంది రోగుల వివరాలను 2007లో ప్రచురించారు.

దోషపూరిత జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వచ్చినప్పుడే ఈ వ్యాధి కలుగుతుంది. ఒక్కటి మాత్రమే ఉన్నవారు వాహకులు. వారికి వ్యాధి రాదు. తల్లిదండ్రులు ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నూటికి 25. మేనరికంలోను, మేనమామతో జరిగే వివాహంలోను వధూవరులకు ఒకే పూర్వీకుల జన్యువులు ఉంటాయి గనుక ఇద్దరూ వాహకులయ్యే అవకాశం పెరుగుతుంది. బంధుత్వం లేని దంపతులకు సైతం ఇటువంటి బిడ్డ కలగవచ్చు. కనుక తల్లిని గాని, కోడలి పుట్టింటిని గాని నిందించడం అన్యాయం. దోషం ఇరువైపుల నుండీ సమానంగానే వస్తుంది.

అనంతపురం జిల్లా నుండి బెంగళూరుకు వచ్చి స్థిరపడిన ఒక కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. పెద్దవాడు తల్లిదండ్రుల వద్ద ఉన్నాడు. చిన్నది ఊరిలో అమ్మమ్మ దగ్గర చదువుకొంటున్నది. పెద్దవాడికి విల్సన్ వ్యాధి అని తేలింది. ఇల్లంతా అతని మందులకే పరుగులు తీస్తుంది. ఆడుతూ పాడుతూ తిరిగే చిన్నదాన్ని ఆసుపత్రికి తీసుకువెళ్లాలని ఎవరికీ తోచదు. కొన్నిసార్లు తోచినా, రేపు పెళ్లి సంబంధాలు చెడిపోతాయని వెనుకాడతారు. వాస్తవానికి ఆ పరీక్ష వలన అత్యధిక ప్రయోజనం పొందేది ఆ చిన్నదే. లక్షణాలు కనబడక ముందే మందు ఆరంభిస్తే కాలేయం, మెదడు చెడకుండా కాపాడవచ్చు. చెడిన మెదడు పూర్తిగా కోలుకొంటుందన్న హామీ లేదు.

పరీక్షలు భయంకరమైనవి కావు. రక్తంలో సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ పరిమాణం, 24 గంటల మూత్రంలో రాగి పరిమాణం చూస్తారు. కంటి వైద్యుడు ప్రత్యేక పరికరంతో నల్లగుడ్డు అంచున గోధుమవన్నె వలయం ఉన్నదా అని పరిశీలిస్తాడు. అవసరాన్ని బట్టి మెదడు స్కానింగు, జన్యుపరీక్ష చేయిస్తారు. వ్యాధి పేరును తెలుగు అక్షరాలలో ఒక కాగితంపై రాసి ఊరిలోని బంధువులకు ఫోనులో పంపడం మంచిది. పేరు సరిగా చెప్పగలిగితే అక్కడి వైద్యుడు సరైన పరీక్షలు రాయగలడు.

పెనిసిల్లమిన్, ట్రయెంటిన్ మందులు రాగిని మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. జింకు మందు ఆహారంలోని రాగి రక్తంలో చేరకుండా అడ్డుకొంటుంది. వీటిని భోజనంతో కలిపి వేసుకోరాదు. వేళలు వైద్యుడు చెప్పినట్లు పాటించాలి. మందు ఆరంభించిన తొలివారాలలో కొందరికి వణుకు పెరగవచ్చు. అప్పుడు మందు మానరాదు, వెంటనే వైద్యుని కలవాలి. కాలేయం పూర్తిగా చెడినవారికి కాలేయ మార్పిడి మార్గం ఉన్నది. రాగి బిందెలో నిలువ ఉంచిన నీరు ఆరోగ్యకరమని చాలామంది తాగుతారు; ఈ వ్యాధి ఉన్నవారు ఆ నీరు తాగరాదు. మేక కాలేయం, పుట్టగొడుగులు, జీడిపప్పు వంటి వాటి విషయంలో వైద్యుని సలహా తీసుకోవాలి.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఒకటున్నది. ఈ మందు జీవితాంతం వాడవలసినదే. ఒళ్లు బాగుపడిందని, ఊరు మారామని, గర్భం నిలిచిందని సొంతంగా మానివేసినవారిలో కాలేయం హఠాత్తుగా విఫలమై మరణించినవారు ఉన్నారు. గర్భిణులకు వైద్యులు మోతాదును సరిచేస్తారు గాని చికిత్సను ఆపరు. అద్దె ఇల్లు మారినా, పని మారినా, మందుచీటీ ఉన్న ఫైలు కుటుంబంతో పాటే కదలాలి.

వంశంలో వచ్చిన ప్రతి జబ్బుకూ మందు ఉండకపోవచ్చు. ఉన్నదో లేదో తెలుసుకోకుండా తలరాత అనడం మాత్రం తగదు. ఒక బిడ్డకు వ్యాధి తేలిన ఇంట్లో, ఊరిలో ఉన్న తోబుట్టువును కూడా ఈ నెలలోనే పరీక్షకు తీసుకువెళితే ఈ ప్రసంగం సార్థకమైనట్లే.