ఆరు నుంచి పన్నెండు: మన లెక్కల్ల లేని పిల్లలు

(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మా సంఘంల పన్నెండు మందిమి ఉన్నం. అందరిల పదో తరగతి దాంక చదివినోళ్ళం ఇద్దరమే. అందుకని మాటల్ల తప్పులుంటే మన్నించాలె. మమ్ములను బ్యాంకు లింకేజీ, రికవరీ గురించి మాట్లాడమన్నరు. ఆ అంకెలు నివేదికల అచ్చయినయి, చదువుకుంటే అయిపోతది. రికవరీ ముచ్చటల్నే ఒక పిల్లగాని ముచ్చట ఉన్నది. మేము అది చెప్తం.

ముందుగాల ఒక మాట అడుగుతం. కడుపుతోని ఉన్నప్పటి సంది బిడ్డకు ఆరేండ్లు వచ్చేదాంక అంగన్‌వాడీ టీచరు పేరు రాసుకుంటది, తూకం వేస్తది, గుడ్డు ఇస్తది. ఆడపిల్ల పెద్దమనిషి అయినంక మళ్ళ అందరికి యాదికొస్తది. నడుమ ఆరు నుంచి పన్నెండు ఏండ్ల దాంక పిల్లలను ఎవరు అడుగుతున్నరు? బడికి పోతుండ్రు కదా, తింటుండ్రు కదా, రోగం లేదు కదా అని మనం కూడ ఊకుంటం. మనకు మొదట నేర్పిన పంచసూత్రాలల్ల సమావేశం, పొదుపు, అప్పు, వాపసు, పుస్తకాలు ఉన్నయి. తరువాత వచ్చిన దశసూత్రాలల్ల చదువు అనే మాట చేరింది. మినిట్స్ బుక్కుల ఆ గీత కాడికి వస్తే "చర్చించడమైనది" అని రాసి సంతకాలు పెడ్తం. మా బుక్కుల కూడ అట్లనే ఉన్నది, దాచుకునేది ఏమున్నది.

మండల సమాఖ్య ఆఫీసుల రెండు రోజుల శిక్షణ అయినప్పుడు ఒక సారు ఈ వయసు పిల్లల గురించి చెప్పిండు. స్విట్జర్లాండు దేశంల పియాజే అని ఒకాయన ఉండెనట, పిల్లలు ఎట్ల ఆలోచన చేస్తరో చూసుకుంట బతుకంత గడిపినాయన. ఆయన చెప్పిన నీళ్ళ పరీక్ష మేము ఇంట్ల చేసి చూసినం. రెండు ఒకతీరు గ్లాసులల్ల సమానంగ నీళ్ళు పోసి, ఒక గ్లాసు నీళ్ళను వెడల్పు గిన్నెల ఒంపినం. ఏది ఎక్కువ అంటే ఐదేండ్లది గ్లాసు దిక్కు చూపెట్టింది, పొడుగున్నది కదా అని. ఎనిమిదేండ్లోడు నవ్విండు. "గవే నీళ్ళు కదనే, మళ్ళ గ్లాసుల పోస్తే గంతే అయితయి" అన్నడు. ఆరేడు ఏండ్లు దాటినంక పిల్లలకు కంటికి కనవడ్డది ఒకటి, లెక్కకు నిలిచేది ఒకటి అని తెలుస్తదన్నమాట. కూడికలు, తీసివేతలు, ఎవరికి ఎంత ఇచ్చినం, ఎవరికి అన్యాయం అయింది, అన్ని పట్టుకుంటరు. గోటీలు ఆడేకాడ చూడుండ్రి. ఆట సగం, పంచాయతి సగం. ఆ పంచాయతిలనే వాళ్ళు ధర్మం నేర్సుకుంటరు. ఇప్పుడు ఫోన్ల ఆడుతుండ్రు, ఫోనుతోని పంచాయతి పెట్టుకునుడు ఎట్ల?

ఇంకొకాయన ఎరిక్సన్. ఆయన చెప్పిందేమంటే ఈ వయసుల పిల్లల మనసుల ఒక్కటే ప్రశ్న తిరుగుతదట: నాకు పని చేతనైతదా, కాదా? చేతనైతదని నలుగురు అంటే నిలబడ్తరు. మాటిమాటికి "నీతోని కాదు" అంటే లోపట తక్కువతనం కూసుంటది. ఇది విన్నప్పుడు మాకు మా బీడీల చాటలు యాదికొచ్చినయి. కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు మన ఆడోళ్ళకు బీడీలే ఆధారం. వెయ్యి బీడీలు చేస్తెనే రోజు గడిచేది. తునికాకు కత్తిరిస్తే, మూతులు ముడిస్తే మన తొమ్మిదేండ్ల బిడ్డను "పనిమంతురాలు" అని మెచ్చుకుంటం. బడిల ఆ పిల్లను ఎవరు మెచ్చుకోరు, ఎక్కాలు రావని నిలబెడ్తరు. మరి ఆమె మనసు బడి దిక్కు గుంజుతదా, చాట దిక్కు గుంజుతదా? పద్నాలుగేండ్ల లోపటి పిల్లలతోని పని చేపియ్యద్దని చట్టం ఉన్నదని మనకందరికి తెలుసు. మెచ్చుకోలు కోసం పిల్లనే వచ్చి చాట ముందర కూసుంటదని మాత్రం మేము అప్పటిదాంక అనుకోలేదు.

సిరిసిల్ల అక్కలు చెప్పింది కూడ ఇక్కడ చెప్పాలె. వాళ్ళ ఇండ్లల్ల సాంచాల చప్పుడుల పిల్లలు పుడ్తరు, ఆ చప్పుడులనే పెరుగుతరు. తండ్రి పన్నెండు గంటల షిఫ్టు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. తల్లి కండెలు చుడ్తది. రాత్రి షిఫ్టు వారం పగటిపూట తండ్రి పండుకుంటడు, పిల్లలు ఊపిరి బిగవట్టుకొని మెదలాలె. 2017ల బతుకమ్మ చీరెల ఆర్డర్లు మొదలైనంక కొన్ని నెలలు కడుపునిండ పని దొరికింది, ఇప్పుడు మనం కట్టుకునే ఇందిరా మహిళా శక్తి చీరెలు కూడ అక్కడనే నేసిండ్రు. ఆర్డరు లేనప్పుడు సాంచాలు ఆగుతయి. ఒక అక్క అన్నది, "చప్పుడు ఆగితే మా పిల్లలకు నిద్ర పట్టది" అని. ఆగిందంటే ఇంట్ల ఏమైతదో ఆ పిల్లలకు ఎరుకే. అప్పులకు తాళలేక పానాలు తీసుకున్న నేతన్నల ఊరు అది. పెద్దోళ్ళు గుసగుసగ మాట్లాడుకుంటే పిల్లలకు వినపడదనుకునుడు మన పిచ్చి.

ఇగ మా ఊరి ముచ్చట. పోయిన ఏడు వానాకాలంల అయింది. మా సంఘంల ఒక చెల్లె రెండు కిస్తులు కట్టలేదు. ఆమె పెనిమిటి సౌదిల ఉన్నడు, అక్కడ కంపెనీ మూడు నెలల సంది జీతం ఇస్తలేదు. బీడీల పని ఆ నెల పది పన్నెండు రోజులే దొరికింది. కిస్తు 1,150 రూపాయలు, రెండు కలిపి 2,300. ఒక్కరు కట్టకుంటే సంఘం పేరు పోతది, వచ్చే లోనుకు అడ్డం పడ్తదని మనకందరికి భయమే కదా. మేము ఐదుగురం పొద్దుమూకంగ ఆమె ఇంటికి పోయినం. అరుగు మీద ఆమె కొడుకు పుస్తకం ముందట వేసుకొని కూసున్నడు. ఐదో తరగతి, పదేండ్లు. మేము గట్టిగనే మాట్లాడినం. ఏమేమి అన్నమో ఇక్కడ చెప్పటానికి నోరు వస్తలేదు. పక్కింటోళ్ళు గోడ మీది నుంచి చూసిండ్రు. ఆమె కొంగు నోట్ల వెట్టుకున్నది. పిల్లగాడు పుస్తకంల నుంచి తల ఎత్తలే. చదువుకుంటుండు, ఇంటలేడు అనుకున్నం.

మూడు వారాలకు బడి సారు మా వీవో అధ్యక్షురాలిని పిలిచిండు. 2024ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టిన సంది మన వీవో అధ్యక్షురాలే కమిటీకి అధ్యక్షురాలు కదా. నల్లాలు, మరుగుదొడ్లు, కరెంటు పని చూసుడే మన పని అనుకుంట పోయినం. సారు ఆ ముచ్చట తీయలే. ఆ పిల్లగాడు తొమ్మిది రోజుల సంది బడికి రాలేదన్నడు. తల్లిని అడిగితే రోజు సంచి వేసుకొని పోతుండు అంటది.

వెతికితే మండలం బస్టాండు కాడ మిర్చి బజ్జీల బండి దగ్గర దొరికిండు. పేట్లు కడుగుతుండు. బడి సంచి బండి కింద ఉన్నది. రోజుకు 40 రూపాయలు.

సారు ఆ పిల్లగాని లెక్కల నోట్‌బుక్కు తెచ్చి మాకు చూపెట్టిండు. ఆఖరి పేజీల ఒక లెక్క ఉన్నది. 1,150 రెండుసార్లు రాసి కూడిండు. 2,300ను 40తోని భాగించిండు. 57, ఇంక సగం వచ్చింది. కింద 58 రోజులు అని రాసి గీత కొట్టిండు. సారు అన్నడు, "ఈ పిల్లగానికి భాగహారం రాదని నేను నాలుగు నెలల సంది కొట్టుకుంటున్న" అని. లెక్క ఒక్క తప్పు లేదు.

తొమ్మిది రోజులకు 360 రావాలె. సంచిల 340 ఉన్నయి. ఇరవై ఏమైనయి రా అంటే ఏడ్చిండు. ఒకరోజు ఐసు కొనుక్కొని తిన్నడట. దానికి ఏడ్చిండు.

శిక్షణల విన్నది మాకు అప్పుడు సమజయింది. ఆ వయసు పిల్లలకు కిస్తు లెక్క వస్తది. అప్పు తనది కాదు, దుబాయిల సౌదిల జీతాలు ఆగుడు తన తల్లి తప్పు కాదు, సంఘపోళ్ళ ఒర్లుడు తన మీద కాదు అన్నది మటుకు రాదు. నాతోని ఏమైతది అని చూసుకుంటరు, అయ్యేది వెతుకుతరు. తండ్రితోని చెప్పుకుందామంటే ఆయన డ్యూటీ దిగి వండుకొని తిని ఫోను చేసేవరకు అక్కడ రాత్రి తొమ్మిది, మనకు పదకొండున్నర. పిల్లగాడు అప్పటికే పండుకుంటడు. మన గల్ఫు ఇండ్లల్ల పిల్లలు సెలవు రోజే తండ్రి మొఖం చూస్తరు, అది కూడ అందరి ముందట. "మంచిగ చదువుతున్నవా" అంటే "ఆఁ" అంటరు. అంతే మాట.

మా సంఘం సమావేశంల దీని మీద కొట్లాటనే అయింది. పెద్దవయసు అక్క ఒకామె అన్నది, "పిల్లలకు ఇంటి కష్టం తెలువద్దా? మా చిన్నప్పుడు అప్పులోళ్ళు వస్తే మేము మంచం కింద దాసుకున్నం. మేము బతకలేదా?" ఇంకొకామె మెల్లగ అడిగింది, "ఎన్నేండ్ల కింది ముచ్చట అక్కా అది?" నలభై ఏండ్లు అన్నది. "మంచం కింద ఏముండె?" అంటే, ఆ అక్క ఎర్ర మట్టి కుండ, దాని పగులు, పక్కన పిల్లి, అన్ని చెప్పింది. చెప్పి ఊకున్నది. తీర్మానం అప్పుడు రాసినం.

తీర్మానం ఇది. బాకీ కోసం ఎవరి ఇంటికి గుంపుగ పోవద్దు. మాట్లాడేది ఉంటే సంఘం సమావేశంలనో, వీవో ఆఫీసులనో, పిల్లలు లేనికాడ. కిస్తు కట్టలేని కారణం నిజమైతే సంఘం పొదుపు నుంచి అంతర్గత అప్పు ఇచ్చి బ్యాంకు కిస్తు ఆగకుంట చూడాలె. ఆ చెల్లెకు అట్లనే ఇచ్చినం, ఐదు నెలలల్ల వడ్డితో సహా కట్టింది. ఇగ నెలల రెండో సమావేశంల పది నిమిషాలు ఆరు నుంచి పన్నెండేండ్ల పిల్లల కోసం. బడికి పోయిండ్రా అని అడుగుడు కాదు, ఈ నెలల ఏ పిల్ల మాట తగ్గింది, ఏ పిల్ల కొత్తగ అబద్ధం చెప్తుంది, ఎవరు దోస్తులు లేకుంట ఒంటరిగ తిరుగుతుండ్రు అని. జవాబులు మొదటి రెండు నెలలు రాలేదు, సిగ్గుపడ్డరు. మూడో నెల ఒకామె తన బిడ్డ రాత్రిపూట పక్క తడుపుతుందని చెప్పింది. తొమ్మిదేండ్ల పిల్ల. తండ్రి సెలవు అయిపోయి వాపసు పోయిన వారం సంది అట. అదే సంగతి మరి ఇద్దరు తల్లులు మా ఇంట్ల కూడ అన్నరు. అప్పటిదాంక ముగ్గురు ఎవరికి వాళ్ళు పిల్లలను కొట్టుకుంట ఉన్నరు.

నష్టం కూడ చెప్పాలె. ఇంటికి రారని తెలిసి ఒక సభ్యురాలు కావాలని మూడు నెలలు కిస్తు ఆపింది. చేతిల పైసలు ఉండి ఆపింది. మాకు ఇబ్బంది అయింది, మాటలు పడ్డం. అయినా తీర్మానం మార్చలే. సమావేశంలనే కూసోపెట్టి వసూలు చేసినం.

సమాఖ్యను మేము కోరేది ఏమంటే, ఈ తీర్మానాన్ని అన్ని వీవోలు చర్చకు పెట్టాలె. అంకెల రికవరీతోపాటు ఎట్ల రికవరీ చేసినమో కూడ అడగాలె. పిల్లలు పనిల కనవడ్డా, ఆపదల ఉన్నా 1098కి ఫోను చేయొచ్చని ప్రతి సంఘం పుస్తకం అట్ట మీద రాయాలె. బడులల్ల వంట చేసేది మన అక్కలే, ఏ పిల్ల అన్నం వదిలేస్తుందో సారు కంటె ముందుగాల వాళ్ళకే తెలుస్తది. వాళ్ళను కూడ నెలకొకసారి పిలిచి అడగాలె.

ఆ పిల్లగాడు తిరిగి బడికి వచ్చినంక సారు ఒక పని అప్పజెప్పిండు. ఈ రోజు ఎందరు వచ్చిండ్రు, ఎందరు అన్నం తిన్నరు, ఎన్ని గుడ్లు ఖర్చయినయి అని బోర్డు మీద రాసే పని. సంవత్సరం అయిపోయేదాంక అతనే రాసిండు. ఇప్పుడు హైస్కూలుల ఆరో తరగతి. తల్లి మా సంఘంలనే ఉన్నది, మాతోని మంచిగనే ఉంటది. పిల్లగాడు మాత్రం మేము మినిట్స్ బుక్కు చంకల పెట్టుకొని వస్తుంటే ఇప్పటికి రోడ్డు అవుతలి దిక్కుకు పోతడు. మేము పిలువం. పోనిస్తం.

 తరువాత కోశాధికారి అక్క జమాఖర్చు చదువుతది.