పదమూడు రోజుల సెలవు



ప్రసూతి వైద్యమును గురించి నాలుగు మాటలు చెప్పుమన్నారు. ఈ కలకత్తా నగరమున ఆ వృత్తిని చేపట్టిన తొలి మహిళలలో ఒకరైన డాక్టర్ కాదంబినీ గంగూలీ జీవితమును మీ ముందుంచి ఆ మాటలు చెప్పెదను.

1861లో జన్మించిన కాదంబిని 1883లో బెథూన్ కళాశాల నుండి పట్టభద్రురాలైనారు. స్త్రీలకు ప్రవేశము లేని కలకత్తా వైద్య కళాశాలలో పట్టుబట్టి చేరి, 1886లో వైద్యపట్టా పొందినారు. డఫరిన్ ఆసుపత్రిలో నెలకు 300 రూపాయల జీతముపై పనిచేసినారు. 1893లో బ్రిటనుకు వెళ్ళి ఉన్నత పట్టాలు సంపాదించి వచ్చినారు.

ఆ కాలమున పరదా చాటు ఇల్లాలు పురుష వైద్యునికి నాడి చూపుటకు సైతము వెనుకాడెడిది. కాన్పు కష్టమైనచో మంత్రసానియే దిక్కు. అట్టి ఇండ్లకు కాదంబిని గుఱ్ఱపు బండిలో పోయి తల్లీబిడ్డలను కాపాడెడివారు. వేళకాని వేళ ఇల్లు విడిచి తిరిగెడి స్త్రీని లోకము ఊరకుండనిచ్చునా? 1891లో 'బంగబాసి' పత్రిక ఆమె శీలముపై నింద వేసినది. ఆమె న్యాయస్థానమునకు వెళ్ళి గెలిచినారు. సంపాదకునికి ఆరు నెలల ఖైదు, 100 రూపాయల జరిమానా పడినవి.

మిత్రులారా, ఒక్క విషయము గమనింపుడు. ఆమె విద్యార్థినిగా ఉండగనే తల్లి అయినారు. ప్రసవమునకు పదమూడు రోజులు మాత్రమే విరామము తీసికొన్నారని 1888లో ఫ్లోరెన్స్ నైటింగేల్ ఒక లేఖలో ఆశ్చర్యపడుచు వ్రాసినారు. ఆ పట్టుదలకు మనము చేతులెత్తి మ్రొక్కుదము. కాని పదమూడు రోజులను ఆదర్శముగా చెప్పరాదు. అది ఆమె ధైర్యమునకు కొలతయైనచో, ఆనాటి వ్యవస్థ నిర్దయకును కొలతయే. తల్లి శరీరము కోలుకొనుటకు వారములు పట్టునని ఏ ప్రసూతి వైద్యురాలైనను చెప్పును.

ఇది కాదంబినికి తెలియనిది కాదు. భర్త ద్వారకానాథ్ గంగూలీ అస్సాం తేయాకు తోటల కూలీల దుస్థితిని లోకమునకు చాటినవారు. ఆమెయు 1922లో కవయిత్రి కామినీ రాయ్‌తో కలసి బీహారు, ఒరిస్సా గనులలో స్త్రీ కార్మికుల పరిస్థితిని విచారించిన సంఘములో పనిచేసినారు. 1923 అక్టోబరు 3న కన్నుమూసిన నాడు కూడ రోగులను చూచి వచ్చినారు.

కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగుల ప్రసూతి సెలవు 90 రోజుల నుండి 1997లో 135 రోజులకు, 2008లో 180 రోజులకు పెరిగినది. పదమూడు నుండి నూట ఎనుబది వరకు నడచిన ఈ దారి ఎవరి దయాధర్మము కాదు. స్త్రీలు, సంఘములు కలసి అడుగగా అడుగగా వచ్చినది.

అయినను పని ముగియలేదు. మన ప్లాట్‌ఫారమును ఊడ్చెడి కాంట్రాక్టు కార్మికురాలు గర్భవతియైనచో ఆమెకు సెలవు, జీతము కాగితము దాటి చేతికి వచ్చుచున్నవా? బరువులు మోయు పని నుండి ఆమెకు మినహాయింపు లభించుచున్నదా? ప్రతి శాఖా సంఘము తన స్టేషనులో, తన తపాలా కార్యాలయములో ఈ రెండు ప్రశ్నలు అడిగి, జవాబును వ్రాతమూలకముగా రాబట్టవలెను.

ఆసుపత్రి గడప దాటిన తరువాత తల్లిని కాపాడవలసిన బాధ్యత వైద్యురాలిది కాదు, మనది. ఆ బాధ్యతను స్వీకరింపుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.