సినిమాలో క్యాన్సరు, మన ఊళ్ళో క్యాన్సరు
(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)

పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు అయిపోయాయి. పొద్దున్నించి కూర్చుని నడుములు పట్టేసి ఉంటాయి. కాసేపు సినిమాల గురించి మాట్లాడుకుందాం.

క్యాన్సరు అనగానే మనకి ముందు గుర్తొచ్చేది ఆసుపత్రి కాదు, సినిమా. 1981లో వచ్చిన ప్రేమాభిషేకం మనలో పెద్దవాళ్ళు చాలామంది చూసిందే. నాగేశ్వరరావు గారికి క్యాన్సరు. ప్రేమించిన పిల్లకి ఆ సంగతి చెప్పడు. ఆమె తనని అసహ్యించుకోవాలని చెడ్డవాడిలా నటిస్తాడు. 1993లో మాతృదేవోభవ వచ్చింది. మాధవికి బ్లడ్ క్యాన్సరు. కన్నుమూసేలోగా కన్నపిల్లల్ని ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటికి పెంపకానికి ఇచ్చుకుంటూ పోతుంది. ఆ సినిమాకి మేమూ కొంగు తడిపేసుకున్నాం.

అయితే ఒక సంగతి గమనించండి. మన సినిమాల్లో క్యాన్సరంటే ఎక్కువగా బ్లడ్ క్యాన్సరే. రక్తం పేరు చెప్పడానికి ఎవరికీ సిగ్గు లేదు కదా! మన దేశంలో ఆడవాళ్ళకి అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది రొమ్ము క్యాన్సరు. దాని పేరు మాత్రం తెర మీద వినపడదు. పాటల్లో కెమెరా ఎక్కడెక్కడ తిరుగుతుందో మనకి తెలుసు. అక్కడే జబ్బొస్తే కథ రాసేవాళ్ళకి మాట పడిపోతుంది.

ఆ కథలు మనకి రెండు సంగతులు నేర్పాయి, రెండూ ప్రమాదమే. మొదటిది, జబ్బు దాచుకోవడం గొప్పతనం. ఇంట్లో వాళ్ళని బాధపెట్టకుండా లోలోపల కుమిలిపోయే మనిషి దేవత. తెర మీద అది త్యాగం, మన వంటింట్లో అదే ఆలస్యం. మన సంఘాల్లో ఒక అక్క గడ్డ తగిలాక ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. పగలంతా జీడి బట్టీలో పని, సాయంత్రం ఇంటి పని. అడిగితే, "నొప్పి నేదు కదమ్మా, ఏటవుద్దిలే అనుకున్నాను" అంది. ఆపైన కూతురి పెళ్ళి చూపులు. తల్లికి ఇలాంటి జబ్బని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని భయం. వైజాగు వెళ్ళేసరికి గడ్డ చంకలోకి పాకింది. ఇప్పుడు మందులు వాడుతోంది, మీటింగులకీ వస్తోంది. కానీ మొదట్లోనే వెళ్ళుంటే ఇంత కష్టం ఉండేది కాదని ఆమే అందరికీ చెప్తోంది. ఇక్కడ చెప్పమని కూడా ఆమే అంది.

రెండోది నొప్పి. సినిమాలో రోగి గుండె పట్టుకుని పడిపోవాలి, దగ్గితే రక్తం రావాలి. అప్పుడే జబ్బు. రొమ్ములో క్యాన్సరు గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి లేదు కాబట్టి పరవాలేదు అనుకోవడం తప్పు. కొత్తగా గడ్డ తగిలినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, చీము గానీ రక్తం గానీ కారినా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా చూపించుకోవాల్సిందే. అలాగని గడ్డలన్నీ క్యాన్సరు కావు, చాలా వరకు కావు. ఏదేమిటో చెప్పాల్సింది డాక్టరు. పక్కింటి అత్త కాదు.

పుస్తకాల్లో ఈ సంగతి రాసినవాళ్ళు లేకపోలేదు. రష్యా రచయిత సోల్జెనిత్సిన్‌కి క్యాన్సరు వచ్చి తాష్కెంట్ ఆసుపత్రిలో ఉన్నాడు. తర్వాత క్యాన్సర్ వార్డ్ అని నవల రాశాడు. అందులో ఆస్య అని పదిహేడేళ్ళ పిల్ల ఉంటుంది. ఆటపాటల్లో చురుకు. రొమ్ము తీసేయాలని డాక్టర్లు చెప్తే, తనతో పాటు వార్డులో ఉన్న కుర్రాడి దగ్గరికొచ్చి, ఇక నేనెవరికి కావాలి అని ఏడుస్తుంది. చావు కన్నా ముందు ఆ పిల్లకి వచ్చిన భయం అది. ఎక్కడో రష్యా, ఎక్కడో మన వజ్రపుకొత్తూరు. అయినా భయం ఒకటే. మొగుడు వదిలేస్తాడేమో, నలుగురూ నవ్వుతారేమో అని. ఆ భయాన్ని పేరు పెట్టి రాశాడు కాబట్టి ఆ కథని నమ్మాం.

సినిమావాళ్ళలోనే నిజం కథ ఒకటుంది. నటి గౌతమి గారికి 35 ఏళ్ళ వయసులో రొమ్ము క్యాన్సరు వచ్చింది. వైద్యం చేయించుకుని కోలుకున్నారు. 2016లో మనమంతా సినిమాలో నటించారు. తనకొచ్చిన జబ్బు గురించి నలుగురిలో నోరు విప్పి చెప్తారు. ఇలాంటి కథ ఎవరూ సినిమా తీయరు. చావూ లేదు, ఆఖరి రీల్లో దేవుడి మహిమా లేదు. మూడేసి వారాలకోసారి కీమో, రాలిన జుట్టు మళ్ళీ రావడం, మందు ఎక్కించిన నాడు అన్నం సయించకపోవడం, పలాస స్టేషన్లో రైలు కోసం తెల్లవారుజామున నిలబడటం. వీటికి పాట ఎవరు రాస్తారు? మన బతుకులు మాత్రం ఇలాగే నడుస్తాయి.

ఉద్దానం వాళ్ళకి ఒకటి గుర్తు చేస్తాం. ఒకప్పుడు కిడ్నీ జబ్బు గురించి కూడా గుసగుసలే. ఇప్పుడు బడి ముఖం చూడని అవ్వ కూడా క్రియాటినిన్ ఎంతొచ్చిందని అడుగుతుంది. పేరు పైకి వచ్చింది కాబట్టే డయాలసిస్ కేంద్రాలొచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. రొమ్ము అనే మాట అంతకన్నా బరువైనదేం కాదు. పిల్లలకి పాలిచ్చినప్పుడు లేని సిగ్గు డాక్టరు దగ్గర ఎందుకు?

ముప్ఫై దాటిన ఆడవాళ్ళకి ఐదేళ్ళకోసారి రొమ్ము పరీక్ష చేయాలని ప్రభుత్వ నియమమే ఉంది. ఊరి ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం గారిని అడగండి. క్యాన్సరు వైద్యం ఎన్టీఆర్ వైద్య సేవలో ఉంది. విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వైద్యం కార్డు మీద జరిగినా, తోడొచ్చే మనిషికి భోజనం, దారి ఖర్చులు ఎక్కడి నుంచి తేవాలి? దానికోసమే గ్రామ సంఘాల్లో ఆరోగ్య అప్పు పెట్టమని ఉపసంఘం ఈ ఏడాది తీర్మానం ఇచ్చింది. చర్చ మధ్యాహ్నం ఉంటుంది, లేచి వెళ్ళిపోకండి.

శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో కథానిలయం పెట్టారు. కథలకి ఇల్లు కట్టిన జిల్లా మనది. మన అక్క కథ, రైలెక్కి వెళ్ళి రైలు దిగి వచ్చిన కథ, మన పిల్లల్లో ఎవరైనా రాస్తే అక్కడికి మేమే పట్టుకెళ్ళి ఇస్తాం.

ఏఎన్ఎం గారు పక్క గదిలో ఉన్నారు. తలుపుకి గడియ ఉంది, పరదా కూడా కట్టించాం. భోజనాలకి ఇంకా ముప్పావు గంట ఉంది.