నిలువు ఏరియల్: సరియైన పొడవు నిర్ణయించు విధానము
(రైతుల కొఱకు ఉపన్యాసము)



విత్తునప్పుడు అదను ఎంత ముఖ్యమో, కోతనాడు వాన కబురు అంత ముఖ్యము. ధాన్యము కళ్లములో నున్నప్పుడు, మిరపకాయలు ఎండబోసినప్పుడు, మరునాటి వర్షసూచన ముందుగా విన్న రైతు పంటను కాపాడుకొనును. విననివాడు ఏడాది కష్టమును నీటిపాలు చేసికొనును. హైదరాబాదులో దక్కను రేడియో 1935లో ప్రసారము లారంభించెను. 1966లో ఆకాశవాణి తన కేంద్రములలో రైతుల కొఱకు ప్రత్యేక విభాగములను నెలకొల్పెను. అయినను పట్టణమునకు దూరమైన చేలలో రేడియో గరగరలాడినంతనే పెట్టెను నిందించుటయో, చేతికందిన తీగను ఉన్నంత పొడవున చెట్టుకు కట్టుటయో వాడుకగా నున్నది.

ఏరియల్ ఎంత పొడవైన అంత మంచిదనుట భ్రమ. ఎడ్ల ఎత్తును బట్టి నాగలిని సవరించుకొనునట్లు, పట్టదలచిన తరంగమును బట్టి ఏరియల్ పొడవును సవరించుకొనవలెను.

లెక్క: రేడియో తరంగములు సెకనుకు సుమారు 30 కోట్ల మీటర్లు పయనించును. కేంద్రము ప్రకటించు మెగాహెర్ట్జుల సంఖ్య సెకనుకు ఎన్ని పదిలక్షల తరంగములు వెలువడునో తెలుపును. కావున 300ను ఆ సంఖ్యచే భాగించినచో ఒక్క తరంగము పొడవు మీటర్లలో వచ్చును. నిలువు కడ్డీకి అందులో నాలుగవ వంతు చాలును. ఏలయన కడ్డీ క్రింద పరచిన తీగలు తక్కిన నాలుగవ వంతు పనిని నెరవేర్చగా, రెండును కలిసి అర తరంగమగును. కడ్డీకి మందముండుటచేతను, కొనయందు విద్యుత్తు ప్రవర్తించు తీరుచేతను, లెక్కకు వచ్చిన దానిలో నూటికి ఐదు వంతులు తగ్గించుట ఆచారము.

ఉదాహరణము: హైదరాబాదు ఎఫ్.ఎం. ప్రసారమునకు 101.9 మెగాహెర్ట్జు లనుకొందము. 300ను 101.9చే భాగించగా 2 మీటర్ల 94 సెంటీమీటర్లు వచ్చును. అందు నాలుగవ వంతు 73.6 సెంటీమీటర్లు. నూటికి ఐదు వంతులు తగ్గించగా 70 సెంటీమీటర్లు, అనగా సుమారు మూరన్నర. వివిధభారతి 102.8కి ఇదే లెక్క చేసినచో తేడా అర సెంటీమీటరు మాత్రమే. కావున రెండింటికిని ఒక్క కడ్డీ సరిపోవును.

పెట్టెకు అమర్చిన మడత కడ్డీని కూడ ఈ పొడవునకే లాగి చూడవలెను. అంత పొడవు లేనిచో పూర్తిగా లాగవలెను. మీడియం వేవ్ సంగతి వేఱు. 738 కిలోహెర్ట్జులకు నాలుగవ వంతు తరంగము 101 మీటర్లకు పైబడును. నాలుగైదు తాటిచెట్లను ఒకదానిపై నొకటి నిలిపిన యెత్తు! అట్టి స్తంభము ప్రసార కేంద్రమునకే తగును. చిన్న పెట్టెలలో మీడియం వేవ్ కొఱకు ఫెర్రైటు కడ్డీ లోపలనే యుండును. కావున బయటి కడ్డీని లాగినందువలన సాధారణముగా ఫలము లేదు; పెట్టెనే అటునిటు త్రిప్పి ధ్వని స్పష్టమగు దిక్కున నిలుపవలెను.

కట్టు విధానము: ఎఫ్.ఎం. కొఱకు బయట ఏరియల్ కట్టదలచిన రైతు మొదట 75 సెంటీమీటర్ల రాగి లేక అల్యూమినియము కడ్డీని తీసికొనవలెను. టీవీకి వాడు కోయాక్సియల్ తీగ నడిమి పోగును కడ్డీ అడుగున బిగించి, పై అల్లికను నాలుగు తీగలకు కలుపవలెను. ఆ నాలుగును సుమారు 74 సెంటీమీటర్ల పొడవున నాలుగు దిక్కులకు ఏటవాలుగా క్రిందికి దిగవలెను. కడ్డీ వీనిని తాకరాదు. పొడవును తీగ కలిసిన చోటినుండి కొలువవలెను. మరయు, పట్టీయు అందు చేరును. పైకి కనబడు భాగమును మాత్రమే కొలుచుటచేత పలువురి లెక్క తప్పుచున్నది.

తరువాత బలహీనముగా వినవచ్చు కేంద్రమును పెట్టి, అర సెంటీమీటరు చొప్పున కొనను కత్తిరించుచు 70 వఱకు రావలెను. ఎక్కువగా ఉంచి తగ్గించుకొనవచ్చును. తెగిన ముక్క మరల అతుకదు. వినుటకు మాత్రమే యైనచో రెండు మూడు సెంటీమీటర్ల తేడా పెద్ద నష్టము కాదు. అట్టిచో కడ్డీని ఎత్తున, లోహపు రేకులకు దూరముగా నిలుపుటయే ఎక్కువ మేలు.

పంపు పరికరములకు: బావి మోటారును, నేల తేమ కొలుచు సాధనములను తీగలేకుండ నడుపు రేడియోలు కొన్ని 865 మొదలు 867 మెగాహెర్ట్జులలో పనిచేయును. 866కు నాలుగవ వంతు 8.7 సెంటీమీటర్లు, తగ్గించగా 8.2. ఇచట ఒక్క సెంటీమీటరు తేడా నూటికి పన్నెండు వంతులు. కబురు పంపు యంత్రమునకు పొడవు సరిపడనిచో శక్తిలో కొంత వెనుకకు మరలును, బ్యాటరీ వ్యర్థమగును, మోటారు ఆగుమన్నను ఆగక మడిలో నీరు పొంగిపొరలును. విరిగిన ఏరియల్ బదులు పొడవైన తీగ గ్రుచ్చుట తగదు. ఆ మెగాహెర్ట్జులకే చేసిన దానిని కొని అమర్చుట మేలు.

హెచ్చరిక: కరెంటు తీగలకు ఏరియల్ వాసపు పూర్తి యెత్తుకంటె ఎక్కువ దూరముండవలెను, వాసము పడినను తీగలను తాకరాదు. మబ్బు పట్టకముందే కోయాక్సియల్ తీగను పెట్టెనుండి వేఱుచేయవలెను. ఉరుము వినబడిన పిమ్మట దానిని ముట్టరాదు. వాన కబురు కొఱకు ప్రాణమును పణము పెట్టుట వివేకము కాదు.

కావున కొలబద్ద, ఱంపము, కొంచెము ఓర్పు గల రైతునకు ఈ పని ఒక పూటలో ముగియును. మొదట లెక్క, తరువాత కొలత, చివరకు కోత: ఈ వరుస తప్పనివానికి చేనిలోనే కబురు స్పష్టముగా వినవచ్చును.