పనికెళ్లే తోవ

(కాశీబుగ్గలో శ్రామిక మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి కూలి రేట్ల గురించి, పీఎఫ్ గురించి, పనిచోట మరుగుదొడ్ల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను సైకిలు మీద పనికి వెళ్లడంలో ఉన్న సుఖం గురించి మాట్లాడతానంటే, "హక్కుల మీటింగులో సుఖం మాటేటి?" అని వెనక వరసలో ఇద్దరు నవ్వారు. నవ్వనివ్వండి. మనం ఏ అర్జీ రాసినా కష్టమే రాస్తాం. కష్టం రాస్తేనే అధికారి చదువుతాడని అలవాటు పడిపోయాం. రోజు మొత్తంలో ఆడమనిషికి సుఖంగా గడిచే గంట ఒకటి ఉంటే, దాన్ని మాకు ఉంచండి అని మాత్రం ఏ అర్జీలోనూ అడగలేదు. నేను ఆ గంట గురించే చెబుతాను.

నేను ఏఎన్ఎంగా ఇరవయ్యేళ్లకు పైగా సైకిలు మీదే తిరిగాను. కొన్నాళ్లు టెక్కలి వైపు, ఎక్కువకాలం కాశీబుగ్గ నుంచి వజ్రపుకొత్తూరు తోవలో ఉద్దానం ఊళ్లకు. క్యారియరు మీద టీకామందుల డబ్బా, హ్యాండిలుకు రిజిస్టర్ల సంచి, చైనులో పడకుండా కుచ్చిళ్లు బొడ్లో దోపుకొని బయల్దేరేదాన్ని. ఊళ్లో ఉన్నంతసేపూ జీడి బట్టీల పొగ వాసన. ఊరు దాటితే అది పోయి వేరే వాసన మొదలవుతుంది. మాఘమాసంలో జీడిమామిడి పూత మీదుగా వచ్చే గాలి ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కొబ్బరి, పనస, జీడి, గట్ల మీద మొగలి పొదలు. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు, నిజమే అనిపించేది. ఇసక వచ్చిన చోట దిగి నడిపించాలి. అక్కడ సైకిలు మనల్ని మోయదు, మనమే దాన్ని మోయాలి.

టెక్కలి వైపు ఉన్నప్పుడు నౌపడ ఉప్పు మళ్ల పక్కనుంచి వెళ్లేదాన్ని. చలికాలంలో తేలినీలాపురానికి వచ్చే గూడబాతులు గుంపులుగా తలమీదుగా పోయేవి. బస్సులో వెళ్లేవాళ్లకు అవి కనిపించవు. కనిపించినా ఆగి చూడడానికి బస్సు మనది కాదు కదా.

కానీ అసలు సుఖం పక్షులది కాదు, పువ్వులది కాదు. ఇంట్లో ఉన్నంతసేపు అమ్మా, వదినా, కోడలా అని పిలుస్తారు. సెంటరుకు చేరగానే సిస్టరుగారూ అంటారు. ఈ రెండింటి మధ్య గంటసేపు నన్ను ఎవరూ ఏమీ పిలవరు. ఆ గంటలో నేను ఎవరికీ జవాబుదారీ కాదు. కాళ్లు వాటి పని అవి చేస్తాయి, బుర్ర దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. నా జీవితంలో పెద్ద నిర్ణయాలన్నీ సైకిలు మీదే తీసుకున్నాను.

గాలి సంగతి ఒకటి చెప్పాలి. మన తీరంలో, ముఖ్యంగా చలికాలంలో, తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం మీద నుంచి నేలకు తిరుగుతుంది. నేను పొద్దున్న సముద్రం వైపు వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేదాన్ని. రెండుసార్లూ గాలి నా వీపు తట్టేది. నా సుఖంలో సగం దాని చలవే. అదే తోవలో నాకు ఎదురుగా ఉద్దానం ఊళ్ల నుంచి జీడి ఫ్యాక్టరీలకు వచ్చే ఆడవాళ్లకు పొద్దున్నా ఎదురుగాలే, సాయంత్రమూ ఎదురుగాలే. వాళ్లు రోజంతా పిక్కలు కొట్టి, పప్పు పొట్టు తీసి, జీడినూనె తగిలి చేతులు మాడి ఇంటికి పోతున్నవాళ్లు. ఒకే రోడ్డు, ఒకే గాలి. ఉద్యోగికి ఒకలాగ, కూలికి ఒకలాగ. గాలి ఎవరి పక్షమూ కాదు. కానీ ఎవరు ఏ పూట ఎటు వెళ్లాలో నిర్ణయించినది గాలి కాదు.

ఆ ఎదురుగాలిలో వచ్చిన ఒకామెను నేనొకసారి అడిగాను, సైకిలు ఎప్పుడు కొన్నావు అని. "కొన్లేదమ్మా, మా ఆయనది. ఆయన ఇంక తొక్కలేడు" అంది. కిడ్నీలు పోయాయి. మన ఉద్దానంలో ఇలాంటి ఇళ్లు ఎన్నో మీకే తెలుసు. ఈ జబ్బుకు అసలు కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఒక్క మాటగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభించారు, మంచిదే. కానీ ఆ ఇంటి ఆడమనిషి మగవాడి సైకిలెక్కి పనికి రావడం ఏ లెక్కలోకీ రాలేదు. పట్నంలో కూర్చుని సైకిలు స్త్రీకి స్వేచ్ఛనిచ్చిందని రాసేవాళ్లు ఇది కూడా చూడాలి. చాలామందికి సైకిలు కానుకగా రాలేదు, జబ్బుతో పాటు వచ్చింది. అయినా అదే మనిషి, తిరిగి వెళ్లేటప్పుడు ఊరు దాటాక పాట పాడుకుంటుందని తనే చెప్పింది. రెండూ నిజమే.

మనకు ముందు ఈ పని పెద్దయెత్తున చేసినవాళ్లున్నారు. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1991, 92 సంవత్సరాల్లో అక్షరాస్యతా ఉద్యమం 'అరివొళి ఇయక్కం', కలెక్టరు షీలారాణి చుంకత్ చొరవతో, చదువుతో పాటు సైకిలు కూడా నేర్పింది. లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారు. క్వారీ కూలీలు, అంగన్‌వాడీ టీచర్లు, నర్సులు. లేడీస్ సైకిళ్లు దొరక్కపోతే మగవాళ్ల సైకిళ్లే ఎక్కారు, కడ్డీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు కదా అన్నారు. అదే కాలంలో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు సారా మీద తిరగబడ్డాయి. అక్కడ చక్రాలెక్కాయి.

ఇంకో చోటి సంగతి. సౌదీ అరేబియాలో 2013లో ఆడవాళ్లు సైకిలు తొక్కవచ్చని అనుమతి వచ్చినట్టు పేపర్లలో వచ్చింది. పార్కుల్లో, ఒళ్లంతా కప్పుకొని, మగతోడుతో, వినోదానికి మాత్రమే. ప్రయాణానికి వాడకూడదు. మన దగ్గర దీనికి తలకిందులు. పనికైతే పరవాలేదు, నాలుగు డబ్బులొస్తాయి. వినోదానికైతే "మగరాయుడు, ఊరు మీద పడింది" అంటారు. ఆ షరతూ ఈ షరతూ ఒక్కచోట పుట్టినవే.

మన ప్రభుత్వం 2017 ప్రాంతంలో 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. ఆ సైకిళ్లు ఇప్పుడెక్కడున్నాయని నేను ఊళ్లలో అడిగాను. పెళ్లి కుదరగానే తమ్ముడికో అన్నకో పోయాయి. గుంట సామానులో సైకిలు పెట్టి పంపినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. బస్సు వచ్చే ఊరికి అది ఎంతో మేలు, వద్దనే మాట లేదు. బస్సు రాని ఊరి సంగతేమిటి? ఫ్యాక్టరీ వేళకు రాని బస్సు ఉచితమైతే ఏం లాభం?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చాక ఈ తోవలో నీడ పోయింది. కూలిన కొబ్బరి, జీడి చెట్ల మీదుగా సైకిళ్లు భుజానెత్తుకొని దాటాం. మళ్లీ నాటినవి ఎదిగేదాకా ఎండలోనే తొక్కాలి. ఎండన పడి వచ్చే మనిషికి నీళ్లు కావాలి. దారిలో వెళ్లే చోటు లేక మన ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తున్నారు. ఉద్దానంలో ఆ అలవాటు ఎంత ప్రమాదమో నర్సుగా గట్టిగా చెబుతున్నాను.

చట్టం మాట కూడా వినండి. ఈఎస్ఐ చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం, ఇంటికీ పనిచోటుకీ మధ్య తోవలో ప్రమాదం జరిగి, అది పనికి రాకపోకల్లో జరిగిందని రుజువైతే, పనిలో గాయపడినట్టే లెక్క. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ మాట ఉంది. గేటు బయట పడితే మాకేం సంబంధం అని ఎవరైనా అంటే ఇది చెప్పండి. దానికి ముందు మీ పేరు హాజరు పుస్తకంలో ఉండాలి. ఉందో లేదో రేపే చూసుకోండి.

కాబట్టి ఈసారి అర్జీలో నేను చెప్పినవి కలపండి. ఫ్యాక్టరీల్లో సైకిళ్లకు రేకు కప్పిన స్టాండు, తోవలో తాగునీరు, మరుగుదొడ్లు, రెండువైపులా చెట్లు, పొద్దు పోకముందే పని వదలడం. నేర్చుకోవాలన్న వాళ్లు ఆదివారం పొద్దున్నే హైస్కూలు గ్రౌండుకు రండి. వయసుతో పనిలేదు. మగవాళ్ల సైకిలైనా తెచ్చుకోండి. సీటు దించడానికి స్పానరు నా దగ్గరుంది.