మట్టికి పరీక్ష చేయిస్తున్నాం, మరి బిందెలో నీళ్లకు?

(మండల మహాసభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి కంది ధర గురించి మాట్లాడుకున్నాం. కంది పండించే మన ఇళ్లలో కందిపప్పు ఎందుకు ఉడకడం లేదో ఇప్పుడు మాట్లాడుకుందాం. నవ్వకండి. కుళాయి నీళ్లు పోస్తే కుక్కరు ఎన్ని కూతలు వేసినా పప్పు బద్ద బద్దగానే ఉంటోందని, పప్పుకు కూడా క్యాన్ నీళ్లే పోయాల్సి వస్తోందని మన ఆడవాళ్లు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. మనం పప్పు పాతదనో, విత్తనం మంచిది కాదనో అన్నాం. తప్పు పప్పుది కాదు, నీళ్లది.

నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా కరిగి ఉంటే వాటిని కఠిన జలం అంటారు. మనం ఉప్పు నీళ్లు అనేవాటిలో చాలావరకు ఇవే. ఆ కాల్షియం పప్పు గింజలోని జిగురు పదార్థాన్ని పట్టేసి గట్టిపరుస్తుంది, అందుకే మెత్తబడదు. సబ్బుతో కలిస్తే నురగ రాకుండా తెట్టు కడుతుంది. అందుకే బట్టకు రెండింతలు సబ్బు అరుగుతుంది, తెల్ల పంచె నాలుగు ఉతుకులకే మాసిన రంగుకు తిరుగుతుంది. తలస్నానం చేస్తే జుట్టు పీచులా అవుతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున సున్నం పెచ్చు కడుతుంది. మనకు కొత్త విషయమేమీ కాదు. డ్రిప్పు పైపుల్లో రంధ్రాలు పూడుకుపోతే యాసిడ్ పెట్టి కడుగుతున్నాం కదా, ఆ పెచ్చూ ఈ పెచ్చూ ఒకటే. అలాంటి నీళ్లతో కలిపితే కొన్ని కలుపు మందులు కూడా సరిగా పనిచేయవు. పొలంలో ఈ నష్టాన్ని లెక్క వేస్తాం. ఇంట్లో సబ్బుకు, గ్యాసుకు, క్యాన్లకు పోయే డబ్బును మాత్రం ఏ రైతు ఖర్చుల పట్టీలోనూ రాయలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కాఠిన్యం మనల్ని విసిగిస్తుంది, డబ్బు తింటుంది. కానీ అదొక్కటే మనిషిని మంచాన పడేసేది కాదు. మన ప్రాంతంలో అసలు భయం ఫ్లోరైడ్. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. ఇక్కడి మనుషుల ఎముకలు బిగుసుకుపోవడానికి తాగే నీళ్లలోని ఫ్లోరైడే కారణమని వైద్యులు 1937లోనే రాసి పెట్టారు. అంటే స్వాతంత్ర్యం రాకముందే జబ్బు తెలుసు, కారణం తెలుసు. ఇప్పటికీ మన ఊళ్లలో పిల్లల పళ్ల మీద గార మచ్చలు కనబడుతూనే ఉన్నాయి. నడుము వంగని మనుషులు అరుగుల మీద కనబడుతూనే ఉన్నారు. ఒకసారి ఎముకకు పట్టిన తరువాత దానికి మందు లేదు. రాకుండా చూసుకోవడం ఒక్కటే దారి.

మేము చేసిన పొరపాటు కూడా చెబుతాం. మా ఊళ్లో కుళాయి నీళ్లు ఉప్పగా ఉన్నాయని, పప్పు ఉడకదని, ఊరి బయట ఒక పొలం బోరు నుంచి ఏళ్ల తరబడి బిందెలు మోసుకున్నాం. ఆ నీళ్లు తియ్యగా ఉంటాయి, సబ్బు బాగా నురగొస్తుంది, పప్పు వెన్నలా ఉడుకుతుంది. దాన్ని మంచినీళ్ల బోరు అని పిలిచాం. చివరకు రెండు నీళ్లనూ పరీక్షకు పంపితే, ఫ్లోరైడ్ హద్దు దాటింది ఆ మంచినీళ్ల బోరులోనే. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ అంతగా నిలవలేదు, రెండూ కలిసి గట్టి పదార్థమై కిందికి దిగుతాయి. కాల్షియం తక్కువై, సోడా గుణం ఉన్న మెత్తటి నీళ్లలోనే అది ఎక్కువగా కరిగి ఉండగలదు. అలాగని ఉప్పు నీళ్లన్నీ సురక్షితం అనుకోకండి, రెండూ ఉన్న బోర్లు కూడా ఉంటాయి. మా నాలుక మమ్మల్ని మోసం చేసింది. ఆ ఏళ్లలో మా పిల్లలకు పళ్లు వచ్చాయి. ఆ బాధ మాకు ఇంకా పోలేదు.

అందుకే చెబుతున్నాం, రుచి చూసి నీళ్లను నమ్మకండి. ప్లాంటు వాళ్లు జేబులోంచి తీసి ముంచి చూపించే టీడీఎస్ మీటరును కూడా పూర్తిగా నమ్మకండి. అది నీళ్లలో కరిగిన లవణాలన్నింటికీ కలిపి ఒక అంచనా అంకె చూపుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. కాచితే కాఠిన్యంలో కొంత భాగం పెచ్చుగా కింద పడుతుంది, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక ముక్క తిప్పితే బురద దిగుతుంది తప్ప కాఠిన్యం పోదు. ఆర్వో రెండింటినీ తగ్గిస్తుంది, నిజమే. కానీ పొర పాడైనా మార్చకపోతే ఎందుకూ పనికిరాదు. పైగా శుద్ధి చేసేటప్పుడు బోలెడు నీళ్లు ఉప్పు చిక్కబడి బయటికి పోతాయి. వాటిని పక్క గుంటలోకి వదిలితే మళ్లీ మన భూమిలోకే ఇంకుతాయి. క్యాన్ కొనగలిగినవాడు కొంటాడు. కొనలేనివాడు, పొలం పనికి పోయిన కూలీ, బడిలో పిల్లవాడు దొరికిన నీళ్లే తాగుతారు.

ఇక లెక్క. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన హద్దులు గుర్తు పెట్టుకోండి. లీటరు నీటిలో కాఠిన్యం 200 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే కాఠిన్యం 600 వరకు, ఫ్లోరైడ్ 1.5 వరకు ఒప్పుకుంటారు. నైట్రేటుకు 45 దాటితే మినహాయింపు లేదు. మన యూరియా, మన పెంటకుప్పలు కూడా నైట్రేటుకు కారణమే, ఆ బాధ్యత మనదే. "వేరే వనరు లేనప్పుడు" అన్న మాట తాత్కాలికంగా పెట్టింది. మన ఊళ్లకు అదే శాశ్వతమైపోయింది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీళ్ల కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాం. ఇంటింటికీ కుళాయి బిగించారు, సంతోషం. కుళాయి వెనక ఉన్నది నది నీరా, ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించిన బోరు నీరా అన్నది అడగాల్సిన ప్రశ్న.

పొలానికి భూసార పరీక్ష కార్డు ఇస్తున్నారు. ఊరి నీళ్లకు కూడా అలాంటి కార్డు కావాలి. అందుకే ఈ సభ ముందు నాలుగు విషయాలు పెడుతున్నాం.

ఒకటి, ప్రతి గ్రామ శాఖ ఈ నెలలోనే ఊళ్లో తాగునీరు ఇచ్చే ప్రతి వనరు నుంచి ఒక లీటరు నమూనా తీసి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపాలి. కుళాయి కాసేపు వదిలి, సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, నింపి, చోటు, తేదీ రాయండి. వానాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి చేయించాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లో మహిళలకు పరీక్ష కిట్ మీద శిక్షణ ఇవ్వాలన్న నిబంధన ఉంది. మీ ఊళ్లో ఎవరికి ఇచ్చారో పంచాయతీని అడగండి.

రెండు, ఫలితం ఫైలులో ఉండిపోకూడదు. కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేటు అంకెలు, తేదీ ఓవర్‌హెడ్ ట్యాంకు స్తంభం మీద రంగుతో రాయించాలి.

మూడు, ఫ్లోరైడ్ హద్దు దాటిన బోరు నీళ్లను తాగడానికి, వంటకు వాడవద్దని బోర్డు పెట్టాలి. అలాంటి ఊళ్లకు, ముందుగా బడికి, అంగన్‌వాడీకి నది నీరు ఇవ్వాలని వినతిపత్రం కాదు, గ్రామసభ తీర్మానం చేసి పంపాలి.

నాలుగు, మన చేతిలో ఉన్న పని. చెరువు వాగులు పూడిపోయాయి, కొన్నింటిని మనమే దున్నుకున్నాం. వాన నీరు భూమిలోకి దిగకపోతే ఏటా ఇంకా లోతు నుంచి, రాతి సందుల్లో నిలవున్న నీళ్లే తోడుకోవాలి. వాగులు తెరవాలి. డాబా ఉన్నవాళ్లు తొలి జల్లులు వదిలేసి, తరువాతి వాన నీటిని శుభ్రంగా పట్టి, కాచి వాడుకోవచ్చు. ఆ నీళ్లతో పప్పు ఎలా ఉడుకుతుందో మీ ఇంట్లో వాళ్లనే అడగండి.

వచ్చే సమావేశానికి ప్రతి శాఖ చందా పుస్తకంతో పాటు నీటి పరీక్ష కాగితం కూడా తీసుకురావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.