ఆఫీసు కాపీ లేని గ్రంథం

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో పిల్లలున్న మన సభ్యులు మార్మన్లనే మాట వినే ఉంటారు. తెల్లచొక్కా, జేబు మీద నల్ల పేరుబిళ్ళ, ఇద్దరిద్దరుగా ఇల్లిల్లూ తిరిగే కుర్రవాళ్ళు వాళ్ళే. వాళ్ళ ముఖ్య కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. నేను పండితుణ్ణి కాను. ఉద్యోగమంతా ఫైళ్ళు కుట్టినవాణ్ణి. కనుక దేవుడి జోలికి పోను, కాగితాల జోలికే పోతాను.

కథ ఇదీ. న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు, దేవదూత చూపిన బంగారు రేకులు 1827లో తనకు దొరికాయన్నాడు. వాటి అనువాదమే మార్మన్ గ్రంథం. ఒక రాయిని టోపీలో వేసుకొని, ముఖం అందులో పెట్టి, ఆయన చెబుతూ ఉంటే పక్కవాళ్ళు రాసుకున్నారు. మన సెక్షన్‌లో డిక్టేషన్ ఇచ్చిన అధికారులు చాలామందే ఉండేవారు గాని, టోపీలోంచి ఇచ్చినవారు లేరు.

1828లో 116 పేజీలు పూర్తయ్యాయి. రాసినవాడు మార్టిన్ హారిస్ అనే రైతు. ఇంట్లో ఆవిడకు చూపించి తెస్తానని బతిమాలి పట్టుకుపోయాడు. పోయిన కాగితాలు పోయినట్టే! ఆఫీసు కాపీ లేదు. మనకైతే వెంటనే మెమో, సంజాయిషీ, ఇంక్రిమెంటు కోత. అక్కడ దైవవాణి వచ్చింది. దుర్మార్గులు ఆ కాగితాల్లో మాటలు మార్చి నిన్ను అబద్ధాలకోరును చేస్తారు, కాబట్టి ఆ భాగం మళ్ళీ అనువదించకు. అదే కాలపు కథ వేరే రేకుల మీద ఉంది, అది రాయించు అని. విమర్శకులు అడిగేది చిన్న ప్రశ్న. సిరాతో రాసిన దస్తూరీలో కొట్టివేతలు, దిద్దుబాట్లు కనబడవా? మన సూపరింటెండెంట్లు కళ్ళజోడు లేకుండానే పట్టేసేవారు గదా!

ఇక ఒరిజినల్ సంగతి. రేకుల్ని దేవదూత తిరిగి తీసుకున్నాడట. అటెస్టేషన్ మాత్రం పక్కాగా ఉంది. 11 మంది సాక్షుల వాంగ్మూలం 1830 నాటి తొలి ముద్రణలోనే ఉంది. వారిలో ముఖ్యులైన ముగ్గురూ తర్వాత చర్చితో చెడి బయటికి పోయినా, చేసిన సంతకం వెనక్కి తీసుకోలేదు. ఇది నమ్మేవారి పక్షాన పడవలసిన నోటు. పడనివ్వండి.

మరో ఫైలు చూద్దాం. 1835లో స్మిత్ బృందం 2,400 డాలర్లకు నాలుగు ఈజిప్టు మమ్మీలను, కొన్ని పపైరస్ చుట్టలను కొన్నది. అందులో అబ్రహాము రాసిన గ్రంథం ఉందని చెప్పి, 1842లో స్మిత్ అనువాదం అచ్చువేశాడు. అసలు కాగితాలు చికాగో అగ్నిప్రమాదంలో కాలిపోయాయని అందరూ అనుకున్నారు. తీరా 1967లో కొన్ని ముక్కలు న్యూయార్క్ మ్యూజియం నుంచి బయటపడ్డాయి. నిపుణులు చదివితే అవి చచ్చినవాడితో పాతిపెట్టే మంత్రాలు. ఆ ముక్కల్లోని అక్షరాలకూ అబ్రహాము గ్రంథానికీ పొంతన లేదని చర్చి కూడా 2014లో వ్యాసం రాసి ఒప్పుకుంది. రికార్డు రూములో పోయిందనుకున్న ఫైలు దొరికితే ఎవరికి చెమట పడుతుందో మనకు తెలుసు.

అయితే నవ్వుకూ ఒక హద్దుంది. 1838లో మిస్సోరీ గవర్నరు బాగ్స్, మార్మన్లను రాష్ట్రం నుంచి వెళ్ళగొట్టండి, లేదా నిర్మూలించండి అని ఉత్తర్వు ఇచ్చాడు. వేలమంది చలికాలంలో ఇళ్ళు వదిలి పోయారు. అది నవ్వే ఫైలు కాదు. మరి స్మిత్ పక్షమో? 1844లో తమను విమర్శించిన పత్రిక ఒక్క సంచిక వెలువడగానే, మేయరు హోదాలో ఆ ప్రెస్సును పగలగొట్టించాడు. ఆ కేసులో జైలుకెళ్ళిన మనిషిని అల్లరిమూక కాల్చి చంపింది. రెండు వైపులా కాగితానికి కాగితంతో జవాబు చెప్పే ఓపిక లేకపోయింది.

నేను చెప్పదలచినది చివరి ఫైలు. బహుభార్యాత్వం మానేస్తున్నామని 1890లో చర్చి ప్రకటించింది. ఆ తరువాత కూడా అలాంటి పెళ్ళిళ్ళు లోపాయికారీగా జరిగాయని, మైకేల్ క్విన్ అనే మార్మన్ చరిత్రకారుడు 1985లో రికార్డులతో సహా రాశాడు. ఇటువంటి రాతల వల్ల 1993 సెప్టెంబరులో చర్చి శిక్షించిన ఆరుగురిలో ఆయనొకడు. ఆయనను వెలివేశారు. 2014లో చర్చే, అవును, 1890 తర్వాత కొన్ని పెళ్ళిళ్ళు జరిగాయని రాసింది. వెలి మాత్రం అలాగే ఉండిపోయింది. నమ్మకం వదులుకోకుండానే ఆయన 2021లో పోయాడు.

మనలో ఎంతమందో ఇటువంటివాళ్ళను చూశాం. ఫైలులో ఉన్నది ఉన్నట్టు నోటు పెట్టినవాడికి బదిలీ. ఆ నోటే నిజమని తేలాక బదిలీ రద్దు చేసే నాథుడుండడు. సంస్థకు నవ్వేవాడి వల్ల వచ్చే నష్టం తక్కువ. 2011లో తమ మీద బ్రాడ్వేలో హాస్యనాటకం వచ్చినా మార్మన్లు కోర్టుకెక్కలేదు, ఆ నాటకం ప్రోగ్రాం పుస్తకంలోనే తమ గ్రంథానికి ప్రకటన వేసుకున్నారు! ఎగతాళిని భరించినవారు, తమవాడు చూపిన రికార్డును భరించలేకపోయారు.

గవర్నరు ఉత్తర్వును మిస్సోరీ ప్రభుత్వం 1976లో రద్దు చేసింది. 138 ఏళ్ళు పెండింగు! ఆలస్యమైనా రద్దు రద్దే. అలాంటి కాగితం ఒకటి క్విన్ పేరున కూడా జారీ కావాలని నా మనవి. ఏ మతంలోనైనా, ఏ ఆఫీసులోనైనా, మన ఇళ్ళలోనైనా అటువంటి ఉత్తర్వు పెండింగులో ఉంటే ఈ వయసులోనైనా సంతకం పెట్టేద్దాం.

సెలవు.